ఆకుపచ్చ మొహాలు

టీవీలో వార్తలు చదివే అమ్మాయి మొహం సగం ఆకుపచ్చగా, సగం ఊదాగా ఉంది. వారం నుంచీ అందరి మొహాలూ అలాగే ఉన్నాయి.

"పెద్ద రోగం కాదులే," అంటూ సూర్యారావు స్క్రూడ్రైవర్ తీశాడు. నరసన్నపేటలో ఆయనకు కిరాణా కొట్టుంది. కుర్రతనంలో రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మెకానిక్ గడప తొక్కడానికి వీల్లేదు. తన చేతిలో పొరపాటు జరగదని వీధి వీధంతా చెప్పుకుంటాడు. పోయిన వేసవిలో ఇదే టీవీ విప్పినప్పుడు రెండు స్క్రూలు కనబడకుండా పోయాయి. భార్య బుజ్జమ్మే ఊడ్చి పారేసిందని తేల్చేశాడు. ఆ రెండూ లేక టీవీ వెనక డొప్ప ఓ మూల నోరు తెరుచుకునే ఉంది.

ఇప్పుడు డొప్ప తీసి వెనక కూర్చున్నాడు. బొమ్మ ఆయనకు కనబడాలి కనుక బుజ్జమ్మ ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడింది. ఆమె మనసు అద్దం మీద లేదు. ఎల్లుండి తమ్ముడు ఉపేంద్ర కూతురు సింధూరిని పెళ్లికూతుర్ని చేస్తారు. తల్లి లేని పిల్ల. బుజ్జమ్మే ఎత్తుకుని పెంచింది. మేనత్తగా మొదటి నలుగు ఆమే పెట్టాలి.

"గొంతు ఎండిపోతన్నాది. నీళ్లట్టుకురా," అన్నాడు సూర్యారావు.

ఆమె చెంబుతో వచ్చేసరికి ఆయన చేతిలో నల్లటి గుండ్రటి అయస్కాంతం ఉంది. పాత స్పీకరుది.

"సూడు. పిక్చర్ ట్యూబుకి ఆనించి ఎవుడో ఎట్టేడు. రంగులు సెడిపోవా మరి?"

ఎవడో ఏమిటి, పేరు కూడా ఆయనే చెప్పాడు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన రోజు, టీవీని కిటికీ దగ్గర్నుంచి ఇటు మార్చడానికి చెయ్యి వేసింది ఉపేంద్ర. రంగులు చెడింది ఆ సాయంత్రం నుంచే. ఉపేంద్రకు బజార్లో టీవీల కొట్టుంది. ఆ డబ్బా పారేసి కొత్తది పట్టుకెళ్లమని బావ ప్రాణం తీస్తూనే ఉంటాడు. స్క్రూలు లేని ఆ మూలలోంచి లోపలికి తోసేసి ఉంటాడు, ఇంకేముంది.

బుజ్జమ్మ చెంబు కింద పెట్టేసింది. తోడబుట్టినవాడు. ఆ రోజు తన చేతి అన్నమే తిని వెళ్లాడు. ఒక టీవీ అమ్ముకోవడానికి అక్క కొంపలోనే ఇంత పని చేస్తాడా? ఇక మొగుడి ముందు పుట్టింటి మాట ఎత్తే మొహం తనకెక్కడిది?

సంగతి తెలిసి ఉపేంద్ర పరుగెత్తుకొచ్చాడు. బుజ్జమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"నీ మీదొట్టక్కా, నానేటీ ఎట్టలేదు. టీవీ ఎత్తినప్పుడు లోపల ఏటో జారినట్టు సప్పుడైనాది. బావకి అప్పుడే సెప్పేను."

సూర్యారావు తల తిప్పుకున్నాడు.

"నీకు అక్క లేదనుకో," అని బుజ్జమ్మ తలుపేసేసింది.

సింధూరికి నలుగు ఇంకెవరో పెట్టారు. పెళ్లినాడు సన్నాయి వంటింట్లోకి వినబడుతూనే ఉంది. అత్తారింటికి వెళుతూ ఆ పిల్ల కారు ఇంటి ముందు ఆపించింది. అత్తా, అత్తా అని పిలిచింది. బుజ్జమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది గానీ బయటికి రాలేదు.

మర్నాడు టీవీ వెనక బూజు దులుపుతుంటే ఆమె చెయ్యి ఆగింది. డొప్ప మూల మూసుకుని ఉంది. పోయిన స్క్రూలు రెండూ వాటి చోట్ల బిగించి ఉన్నాయి.

ఇవెక్కడ దొరికాయని అడిగింది.

సూర్యారావు క్రికెట్ చూస్తున్నాడు. తెర మీద గడ్డి పచ్చగా, మనుషులు మనుషుల్లాగా ఉన్నారు. కళ్లు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఎక్కడికి పోతాయి, పోయినేడు విప్పినప్పుడు ఆ అయస్కాంతానికే అంటించేను కదా."