గడియారం లేని మయసభ

మయసభ తలుపులు శుక్రవారం తెరుస్తారని తిరుపతంతా చాటింపయింది. ఆ రోజు ఆదిమూలం తెల్లారకముందే వచ్చి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

రేణిగుంట రోడ్డులో ఆయన కట్టిన హోటలు అలాంటిలాంటిది కాదు. ఎక్కడో పరదేశంలో జూదశాలలను రాజుల కోటల్లా కడతారని ఏదో పత్రికలో ఒక బొమ్మ చూశాడట. అంతే, పిచ్చి పట్టుకుంది. మొదట కాశ్మీరం హాలు కట్టాడు. గోడల నిండా మంచుకొండలు, పడవల్లాంటి బల్లలు. రెండేళ్లకు పాతాళలోకం లేచింది. ఇప్పుడు, ఎనభై మూడులో, మయసభ. నాటకాల తెరలు రాసేవాళ్లను చిత్తూరు నుంచి పిలిపించాడు. నేలంతా అద్దాలు పరిపించి, వాటి కింద నీళ్లలో చేపలను వదిలాడు. ఎంతటి ఆసామి అయినా పంచె తడుస్తుందేమోనని పైకెత్తి పట్టుకుని నడవాల్సిందే. ఈ హంగంతా రమ్మీ ఆడేవాళ్ల కోసమే. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి కార్లేసుకుని వస్తారు.

మూడు హాళ్లలో వెతికినా ఒక్క గడియారం కనబడదు. ఆడేవాడికి పొద్దు తెలియకుండా వేసిన ఎత్తని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. ఊరికేం, నోరుంది కదా అని ఏదో ఒకటి అంటుంది. గడియారం కనబడితే ఆదిమూలం ముఖం తిప్పేసుకుంటాడని ఆయన భార్య వరదమ్మకు ఒక్కదానికే తెలుసు.

తొమ్మిదేళ్ల కిందట ఒక్కగానొక్క కొడుకు ధనంజయ, తండ్రి పెళ్లినాటి చేతివాచీని పేకాటలో పోగొట్టుకుని వచ్చాడు. అద్దం మీద అడ్డంగా పగులున్న పాత వాచీ. దాని కోసం ఆదిమూలం పదిమంది ముందు కొడుకు చెంప పగలగొట్టాడు.

"ఆ వాచీ తెచ్చిందాకా నా గడప తొక్కద్దురా," అన్నాడు.

వాడు వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో ఒక కార్డుముక్క కూడా రాయలేదు. ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందా అని ఆదిమూలం కుమిలిపోని రోజు లేదు. పేక ఎక్కడుంటే వాడక్కడుంటాడు. చుట్టుపక్కల ఇంతకు మించిన పేకశాల లేదనిపిస్తే ఏదో ఒకరోజు ఈ గుమ్మం ఎక్కకపోడు. ఆయన కట్టిన కోటలన్నిటికీ పునాది ఆ ఒక్క ఆశే.

"వాడికా పాడు పేక మానిపించమని నేను కొండకు మొక్కుకుంటే, నువ్వేమో పేకకు మేడలు కడతా ఉండావే," అని మొదటి హాలు కట్టిననాడే అన్న వరదమ్మ ఇంతవరకూ ఆ హోటల్లో అడుగుపెట్టలేదు.

పోయిన వారం గూడూరు నిమ్మకాయల వ్యాపారి సుబ్రమణ్యం ఆటకు వస్తూ కబురు తెచ్చాడు.

"సూళ్లూరుపేట స్టేషన్లో మీవాణ్ణి చూసినానన్నా. అదే ఉంగరాల జుట్టు. మీ నాయన దినామూ గుమ్మంలోనే కూర్చోనుంటాడబ్బా, పోయి కనబడు అన్నాను. ముందొక పని ఉండాది, అది చూసుకోని శుక్రవారం వస్తానన్నాడు."

ఆ శుక్రవారం ఇదే.

ఉంగరాల జుట్టు కోసం ఆదిమూలం వచ్చిన ప్రతి తలనూ చూశాడు. గుండ్లను తప్ప. కొండ కింద పేకశాల పెట్టినవాడికి దేవుడి భయం ఉండదనుకోవద్దు. తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి ప్రవేశం లేదని గుమ్మానికి బోర్డు కట్టించాడు. స్వామికి తలవంచి వచ్చిన మనిషిని పేకముక్కల ముందు కూర్చోబెట్టే పాపం ఆయనకు వద్దు. గంధం పూసిన గుండు కనబడితే చాలు, సిగ్గుతో కళ్లు దించుకుని చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఆ రోజూ నాలుగైదు గుండ్లు వచ్చాయి.

"మొక్కు నాది, గుండు నాది. మధ్యలో నీకేమప్పా నొప్పి?" అని పలమనేరు ఆసామి ఒకాయన రచ్చకు దిగాడు. ఆయన వెనకాల ఇంకొకతను వచ్చాడు. ఆదిమూలానికి అతని కాళ్లు మాత్రం కనబడ్డాయి. కొండ మెట్లన్నీ నడిచి పొక్కులెక్కిన ఉత్తకాళ్లు.

"గుండుతో ఈడికి రాగూడదబ్బా," అన్నాడు ఆదిమూలం తలెత్తకుండానే. "కొండ దిగినోళ్లు నేరుగా ఇంటికి పోవాల."

అతను ఒక ఆకుపొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. కొండ నుంచి వచ్చేవాళ్లు ఎదురైనవాళ్లకు ప్రసాదం పెట్టడం మామూలే. ఇంతలో తలకు తువ్వాలు చుట్టుకుని ఇంకొకాయన దొంగచాటుగా దూరబోయాడు. ఆయనను బయటికి పంపేసరికి ఆదిమూలం తల ప్రాణం తోకకొచ్చింది.

పొద్దు వాలింది. మయసభ నిండిపోయింది. అద్దాల మీద పంచెలెత్తి నడిచేవాళ్లను చూసి లోపల ఒకటే నవ్వులు.

వరదమ్మ అన్నం క్యారియర్ పట్టుకుని మొట్టమొదటిసారి అక్కడికి వచ్చింది. భర్త ముఖం చూశాక అడగాల్సిన పని లేకపోయినా అడిగింది.

"రాలేదా?"

"రాలా." ఆదిమూలం ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు. "వానికి నా మీద కోపం తీరలా వరదా. ఇంక రాడు."

ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వరదమ్మ పక్కన కూర్చుని, తొమ్మిదేళ్ల తర్వాత ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"ఏం తినేది?"

"ఆ పొట్లమేంది?"

"ప్రసాదం. ఎవరో గుండాయన పెట్టిపోయినాడు."

"స్వామి ప్రసాదాన్ని ఇట్ల అరుగు మీద పడేసి కూర్చుంటారా యాడన్నా?" అని వరదమ్మ పొట్లాన్ని కళ్లకద్దుకుని దారం విప్పింది.

లడ్డూ పక్కన, అద్దం మీద అడ్డంగా పగులున్న పాత వాచీ ఒకటి టిక్కుటిక్కుమంటూ నడుస్తోంది.