వియ్యపురాలికి గుత్తివంకాయ

షికారు ఓడల్లో మెతుకు పారేయడం మానేసి చాలాకాలమైంది. స్పెషల్ రెస్టారెంట్లలో వండేది తాజా వంట. అక్కడి కంచాల్లో మిగిలిందంతా మిషన్లో రుబ్బి, మళ్ళీ కూరల్లా అచ్చుపోసి, మర్నాడు ఉచిత హాల్లో వడ్డిస్తారు. లోకమంతా లొట్టలేసుకుని తింటోంది. తాయారమ్మకు మాత్రం తలచుకుంటేనే డోకొస్తుంది.

విశాఖలో ఓడెక్కగానే గది గోడలోని మిషన్ అడిగింది: "ఈ వారంలో స్పెషల్ భోజనం ఎన్నిసార్లండీ?"

"రెండుసార్లు చాల్లే" అన్నాడు భర్త వరాహమూర్తి. "మనతో వచ్చిన నీ వియ్యపురాలు రోజూ హాల్లోనే తింటానందిగా!"

"తిననివ్వండి. ఊరందరి ఎంగిలీ నా వల్ల కాదు. ఏడు రోజులూ స్పెషలే!"

మొదటిరోజు స్పెషల్లో గుత్తివంకాయ తెప్పించుకుంది. ఒకటి కొరికి, ఉప్పెక్కువైందని కంచం నెట్టేసింది.

మర్నాడు వియ్యపురాలు గిన్నెతో వచ్చింది.

"వదినగారూ, హాల్లో గుత్తివంకాయ అమృతమనుకోండి! ఉప్పు పిసరెక్కువ, అంతే. మీకోసం తెచ్చా. నా చేత్తో పెడతా, నోరు తెరవండి."

తాయారమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే, వియ్యపురాలికి తన ఎంగిలి పెట్టినట్టు ఒప్పుకోవాలి.

కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నాలుకకు నిన్నటి ఉప్పే తగిలింది.