ఆమెన్ తర్వాత

"ఈ సాయంత్రం ఆమెన్ అన్నాక ఊదావో, ఇక సైన్యం ఊసెత్తకు" అంది సేనాని.

పదేళ్ళ పిల్ల బుద్ధిగా తలాడించింది.

ఆ హాస్టల్లో పెద్దపిల్లలు కట్టిన దావీదు సైన్యమంటే మాటలు కాదు. సైన్యంలో చేరినవాళ్ళకి, బైబిల్లో దావీదు వడిసెలకి ఏరుకున్నలాంటిదే, ఏట్లో ఏరిన నున్నని రాయి ఒకటి ఇస్తారు. రాయి ఉన్నవాళ్ళంతా ఒకే దుప్పటిలో దూరి గుసగుసలాడుకుంటారు. లేనివాళ్ళ మొహం ఎవరూ చూడరు.

ఈ పిల్లకి రాయి లేదు. ఉన్నదల్లా ఒక పాడు అలవాటు.

ప్రార్థన ముగిసి ఆమెన్ అనగానే, పెదాలు సున్నాలా చుట్టి గాల్లోకి "ఉఫ్" అని ఊదుతుంది. నోరు తిరగని వయసులో హాస్టల్‌కి వచ్చిననాటి నుంచీ అంతే. ఎందుకే అంటే తనకీ తెలియదు. హాస్టల్ నడిపే పెద్దమ్మగారు పెట్టిన పేరు మూలపడి, అందరి నోళ్ళలోనూ 'ఉఫ్' అయి కూర్చుంది.

"ఇంకో పని కూడా ఉంది" అంది సేనాని. "సూదులావిడ."

సూదులావిడ నిన్న రాత్రి, ప్రార్థన అయిపోయాక పడవ దిగింది. భుజాన రేకు పెట్టెతో సూదులు, దారాలు, బొత్తాలు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే మనిషి. "రెండు ప్రార్థనలకి కూర్చుని పోతానమ్మా" అని పెద్దమ్మగారిని బతిమాలి, వరండాలో చాప పరిచింది.

"పొద్దున్న ప్రార్థనప్పుడు నువ్వు వంటింటి పనిలో ఉన్నావు కదా, ఇక్కడ అందరం కళ్ళు మూసుకుంటే, ఆవిడ మాత్రం తెరుచుకునే ఉంది. ఒక్కొక్కళ్ళనీ వరసగా చూస్తోంది."

"నువ్వెలా చూశావక్కా? నువ్వూ మూసుకోలేదా?"

"నేను కాపలాకి తెరిచానే, మొద్దూ! ఆవిడ పిల్లల్ని ఎంచుతోంది. ఎత్తుకుపోవడానికి. ప్రభువు బల్ల మీది వెండి గిన్నె తీసి ఆవిడ పెట్టెలో పడెయ్. మిగతాది పెద్దమ్మగారే చూసుకుంటారు."

"అది అబద్ధం కదా?"

"శత్రువు దగ్గర దాన్ని యుక్తి అంటారు. రాయి కావాలా, వద్దా?"

కావాలి. అన్నం కన్నా కావాలి.

గంట కొట్టేలోపే గిన్నెని రేకు పెట్టెలో పడేసొచ్చి, సాయంత్రం ప్రార్థనలో పిల్ల కళ్ళు కాస్త సందు చేసి చూసింది. నిజమే. సూదులావిడ చూపు బెంచీల వెంట మెల్లగా నడుస్తోంది.

"ఆమెన్."

ఊపిరి గొంతులోకి ఎగదన్నింది. పెదాలు వాటంతటవే చుట్టుకోబోయాయి. పళ్ళతో కరిచి పట్టుకుంది. నోట్లో ఉప్పగా తగిలింది.

సూదులావిడ చూపు తన దగ్గరకొచ్చింది. ఒక్క క్షణం ఆగింది.

పక్కపిల్ల మీదికి వెళ్ళిపోయింది.

ఆ వెంటనే గిన్నె లేదని గగ్గోలు. రేకు పెట్టె తెచ్చి బోర్లించారు. బొత్తాలు గదంతా దొర్లాయి. వాటి మధ్యన వెండి గిన్నె.

"దేవుడి సొమ్మే దొరికిందా నీకు?" పెద్దమ్మగారు గిన్నెని గుండెకి హత్తుకున్నారు.

"నేను తియ్యలేదమ్మగారూ."

"తీసింది. నేను చూశాను" అంది పిల్ల, ఎవరూ అడక్కుండానే.

సూదులావిడ ఆ పిల్ల వంక చూసింది.

"పోతానమ్మా. పొద్దుటి ప్రార్థన దాకా ఉండనివ్వండి. ఒక్కటంటే ఒక్క ప్రార్థన."

"పోలీసుల్ని పిలవకముందే గేటు దాటు!"

బొత్తాలు కూడా ఏరుకోనివ్వలేదు.

రేవు దాకా సైన్యం వెంటపడింది. "దొంగమ్మా! పిల్లల దొంగమ్మా!"

రేవు మెట్ల మీద సేనాని ఉఫ్ చేతిలో నున్నని రాయి పెట్టింది.

"ఇక నువ్వు మాదానివి. మొదటి దెబ్బ నీదే."

రాయి వెళ్ళి సూదులావిడ చెవి పక్కన తగిలింది.

ఆవిడ వంగి రాయి తీసుకుంది. మెట్లెక్కి వెనక్కి వస్తుంటే సైన్యమంతా చెల్లాచెదురైంది. ఉఫ్ కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆవిడ ఆ రాయిని పిల్ల అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది.

"నున్నగా బావుంది పాపా. పారేసుకోకు."

అంతే. వెళ్ళి పడవెక్కింది.

పడవవాడు గడతో ఒడ్డు నుంచి తోశాడు. మసక పడుతోంది. సూదులావిడ కొవ్వొత్తి ముక్క వెలిగించి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, తల వంచింది. పెదాలు కదిలాయి.

"ఆమెన్" అంది.

పెదాలు సున్నాలా చుట్టింది. "ఉఫ్."

ఒడ్డున పిల్ల చేతిలోంచి రాయి జారిపోయింది.

"వెలిగించుకుని మళ్ళీ ఆర్పుతావేంటమ్మా?" పడవవాడి గొంతు నీళ్ళ మీదుగా తేటగా వినబడింది.

"మా పాప అంతే బాబూ. నేను ఆమెన్ అనగానే దీపం ఊదేసి నవ్వేది. వరదలో చెయ్యి జారిపోయింది. ఈపాటికి మొహం మారుంటుంది, పేరు మార్చేసుంటారు. అందుకే ఏ హాస్టల్‌కెళ్ళినా, ఆమెన్ దగ్గర కళ్ళు తెరుచుకుని కూర్చుంటాను. ఎవరైనా ఊదుతారేమోనని."

"మరిక్కడో?"

"ఎవరూ ఊదలేదు."

ఇంజను టపటపమంటూ అందుకుంది.

"అమ్మా!"

"ఎవర్నే పిలుస్తున్నావ్, ఉఫ్?" మెట్ల పైనుంచి సేనాని పకపకా నవ్వింది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పడవ వైపు తిరిగి, పిల్ల ఉన్న ఊపిరంతా పెట్టి ఊదుతూనే ఉంది. ఆ ఒక్కదాని కోసమే ఊరూరా తెరుచుకున్న కళ్ళు అప్పటికే అవతలి ఒడ్డు వైపు తిరిగిపోయాయి.