కిటికీ వైపు కుర్చీ

"టెలిస్కోపు తీసుకెళ్ళడానికి వచ్చాను," అంది కోరల్ గుమ్మంలోనే.

మెర్విన్ ఆమె భుజం మీదుగా వీధిలోకి చూస్తూ నవ్వాడు. "ఓ, కోరల్. లోపలికి రా. బయట చలి."

చెల్లెలు గ్లెనిస్ పోయింది ఫిబ్రవరిలో, వేసవి చివర్లో. ఇప్పుడు జూన్ నెల. ఆస్ట్రేలియాలోని ఈ అడిలైడ్‌లో నడి చలికాలం. అంత్యక్రియల తర్వాత చెల్లెలి మొగుడింటికి కోరల్ రావడం ఇదే మొదటిసారి. అసలు రాకూడదనుకుంది. కానీ పెరట్లో ఉన్న ఆ టెలిస్కోపు నాన్న చేసింది. షెడ్డులో కూర్చుని, ఏడాదిపాటు అద్దాన్ని తన చేత్తో అరగదీసి చేసింది. గ్లెనిస్ ఉన్నన్నాళ్ళూ అది గ్లెనిస్‌ది. ఇక ఈ మనిషి దగ్గర దాన్ని వదలడం ఆమెకు ఇష్టం లేదు.

మెర్విన్ టీ పోశాడు. కప్పు అంచు మీద నుంచి లోపలికి వేలు పెట్టి మరీ పోశాడు. గ్లెనిస్ చూస్తే ఆ చేతి మీద ఒక్కటిచ్చేది అనుకుంది కోరల్.

"ఆ రోజు అందరి ముందూ అనలేకపోయాను. ఇవాళ అనేసి పోతాను."

"అను," అన్నాడు.

"అంత జబ్బులోనూ ఆస్పత్రికి కారు అదే నడుపుకుంటూ వెళ్ళేది. నువ్వేమో పక్క సీట్లో మహారాజులా. పోనీ, అది వదిలెయ్. చివరి రోజుల్లో నేనక్కడే ఉన్నాను, మెర్వ్. ఒక్కసారంటే ఒక్కసారి నువ్వు దాని మొహంలోకి చూసిన పాపాన పోలేదు. చెయ్యి పట్టుకోవడం, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం. ఏముందక్కడ? కార్లు ఆపుకునే చోటు."

"అవును. కార్లే," అన్నాడు మెర్విన్.

"అదీ పిచ్చిదే. నర్సు వచ్చినప్పుడల్లా, మా ఆయన కుర్చీ కాస్త కిటికీ వైపు తిప్పమ్మా అనేది. పోతూ పోతూ కూడా నిన్నే వెనకేసుకొచ్చింది."

అతను వంగి హీటరు కాస్త పెంచాడు. తనకు కోపం వస్తుందనుకుంది కోరల్. అదీ రాలేదు. ఈ నాలుగు నెలల్లో ఏదీ సరిగ్గా రావడం లేదు.

"నీ వైపు నుంచి చెప్పుకోవడానికి ఏమీ లేదా?"

"ఒక ఇంటికి ఒక జబ్బు చాలనేది గ్లెనిస్," అన్నాడు, ఆమె చెవి పక్కనున్న గోడతో చెబుతున్నట్టు. "టెలిస్కోపు నీదే. తీసుకెళ్ళు. వెళ్ళే ముందు అందులో ఒకటి చూసి వెళ్ళు. గ్లెనిస్ దానికోసం ఏళ్ళ తరబడి వెతికింది."

పెరటి కంచె అవతల ఫుట్‌బాల్ మైదానం. కుర్రాళ్ళ ప్రాక్టీసు నడుస్తోంది. స్తంభాల మీది దీపాల వెలుగులో ఆకాశం గంజిలా తెల్లగా ఉంది.

"ఇందులో కనిపించేదేంటి, నా తలకాయ?"

"వాళ్ళు ఇంటికి పోయేదాకా ఆగు."

ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మెర్విన్ రగ్గు తెచ్చి ఆమె మోకాళ్ళ మీద కప్పాడు. అది గ్లెనిస్ రగ్గు. కోరల్ వద్దనలేదు. అవతల ఈల వినిపించింది, అరుపులు వినిపించాయి, తర్వాత కార్ల తలుపులు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఊరి వెలుతురు మాత్రం ఆకాశం అంచుల్లో అలాగే ఉండిపోయింది.

అతను గొట్టాన్ని దాదాపు నడినెత్తికి ఎత్తి, తడుముతున్నట్టు మెల్లగా కదిలించాడు. చాలాసేపటికి ఆగాడు. కోరల్‌ను పిలిచి, తల మీద పాత తువ్వాలు కప్పాడు.

"ఏంటిది? రాత్రయిందని చిలక పంజరం మీద గుడ్డ కప్పినట్టు?"

"పక్కింటివాళ్ళ వరండా దీపం కంట్లో పడకుండా. చూడు."

చూసింది. బూడిదరంగు తప్ప ఏమీ లేదు. "ఖాళీగా ఉంది, మెర్వ్. నాన్న అద్దం పాడుచేశావా?"

"ఖాళీ కాదు. దానివంక సూటిగా చూడకు. పక్కకి చూడు. పక్కకి చూస్తూ, మధ్యలో ఏముందో గమనించు."

"చూడకుండా చూడమంటావు. బాగుంది వరస."

"తొందరపడకు. ఊపిరి బిగబట్టకు."

చూపు పక్కకి జరిపింది. అప్పుడొచ్చింది. పొగముద్దలాంటిది, చిన్నది, నడుమ నల్లటి గీతతో రెండుగా చీలినది. ఆత్రంగా దానివంక తిరిగింది. మాయమైంది. మళ్ళీ పక్కకి చూసింది. మళ్ళీ వచ్చింది.

"ఏంటది?"

"మన పాలపుంతలాంటిదే, ఇంకొకటి. చాలా దూరం."

"సూటిగా చూస్తే పోతుందేం?"

"మసకగా ఉన్నవాటికి కంటి మధ్యలో చోటు లేదు. అంచుల్లోనే ఉంటుంది."

కోరల్ చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది. తువ్వాలు కింద ఏమైందో ఆమెకే తెలియలేదు. తల ఎత్తేసరికి మెర్విన్ చిన్న ఎర్రదీపం వెలిగించి, టెలిస్కోపును ఆమె కారులోకి ఎక్కించడానికి మరలు విప్పుతున్నాడు. చేతివేళ్ళతో వెతికి వెతికి విప్పుతున్నాడు.

"ఈ కిటుకు గ్లెనిస్ నేర్పిందా నీకు?" అంది, గొంతు మామూలుగా పెట్టి.

"గ్లెనిసే," అన్నాడు. ఎప్పటిలాగే ఆమె వంక చూడకుండా, నిమ్మచెట్టు వైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. "కళ్ళు తుడుచుకో, కోరల్. తువ్వాలు నీ చేతిలోనే ఉంది."

"అటు తిరిగి నిలబడి నేను ఏడుస్తున్నానని ఎలా చెబుతున్నావు?"

"నా కళ్ళలో నడిమి చూపు పోయాక, తన మొహం చూడ్డానికీ గ్లెనిస్ నాకు ఇదే నేర్పింది, కిటికీ వైపు తిరిగితేనే తను నాకు కనిపించేది."