ఒరగని ఇల్లు

ఆ వీధిలో పదకొండు ఇళ్లుంటే పది ఒరిగాయి. ఒక్కటే నిటారుగా నిలబడింది. ఆ ఇంటావిడ నోటికి వీధి వీధంతా జడిసేది, ఎదురింటి బావ తప్ప.

"బావా, నీ ఇల్లు నిన్నటికీ ఇవాళ్టికీ ఇంకో అంగుళం వంగినట్టుంది. నాకు దండం పెడుతోందా ఏమిటి?" అంది ఆవిడ, పొద్దున్నే అరుగు మీద చేరి.

"నీ మొహం చూడలేక తల దించుకుంటోందే మరదలా!" అన్నాడు బావ.

ఆయన ఆవిడ మేనత్త కొడుకు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. వయసులో ఉండగా వీళ్లిద్దరికీ ముడిపెడదామని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆవిడ మాత్రం తాపీమేస్త్రీనే చేసుకుంటానని పట్టుబట్టింది. బావ ఆ పెళ్లిలో అందరికంటే ఎక్కువ తిన్నాడు, అందరికంటే ఎక్కువ నవ్వాడు. తను మాత్రం తీరిక లేదంటూ పెళ్లి ఊసే ఎత్తలేదు.

ఆ ఊరు పుట్టిందే బొగ్గు కోసం. తాతలు గనిలోకి దిగారు, తండ్రులు దిగారు, బావా దిగాడు. తెల్లబట్టలు ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేవి. తుమ్మితే రుమాలు నల్లబడేది. నూతుల్లో నీళ్లు ఎప్పుడో అడుగంటాయి.

గనిలో పైకప్పు కూలకుండా అక్కడక్కడా బొగ్గునే స్తంభాల్లా వదిలేసేవాళ్లు. నలభై ఏళ్ల కిందట గని మూసేముందు ఆశకొద్దీ ఆ స్తంభాలను కూడా తవ్వేశారు. అప్పటినుంచి పైన ఊరు మెల్లమెల్లగా దిగబడుతూ వస్తోంది.

బావ ఇంటిది మరీ చోద్యం. మంచానికి రెండు కోళ్ల కింద మూడేసి ఇటుకలు. బల్ల మీద పెట్టిన గ్లాసులో టీ సగానికి మించితే ఒక పక్కనుంచి ఒలికిపోయేది. గుమ్మంలో జారిపడ్డ నిమ్మకాయ వంటింట్లో దొరికేది.

"మా ఆయన పునాది వేస్తే అదీ పనితనం. నీ ఇల్లు ఎవడు కట్టాడో గానీ తాగి కట్టాడు," అనేది మరదలు రోజుకో రెండుసార్లు.

"అవునే, మీ ఆయన చేతి చలవ," అనేవాడు బావ. ఆ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ రోజు ఇళ్లను పరీక్షించడానికి సర్వేయరమ్మ వచ్చింది. చేతిలో గుండు కట్టిన దారం, రెండు రంగుడబ్బాలు, చంకలో చుట్టిన పాత కాగితాలు. గట్టిగా ఉన్న ఇంటికి ఆకుపచ్చ గుర్తు. ఎర్రగుర్తు పడిందంటే నెలలో ఖాళీ చేయాలి, ఆపైన కూల్చేస్తారు.

మరదలు ఎర్రరంగు డబ్బా మీంచి చూపు తిప్పలేదు. వాళ్లాయన పోయి ఇరవై ఏళ్లయినా ఆ గోడల మధ్య ఉంటే పక్కనే ఉన్నట్టుండేది. అవీ పోతే ఆయన రెండోసారి పోయినట్టే.

ముందు బావ ఇల్లు చూశారు. దారం వేలాడదీసే పనే లేకపోయింది.

"ఇందులో ఎలా ఉంటున్నారు తాతగారూ?"

"అలవాటైపోయిందమ్మా. సమంగా ఉన్న నేల మీద నడిస్తే నాకు కళ్లు తిరుగుతాయి."

ఎర్రగుర్తు పడింది. బావ నవ్వుతూనే కాగితం మీద సంతకం చేశాడు. చివరి అక్షరం నుంచి ఒక గీత సాగి, మెలికలు తిరిగి, అంచు దాకా పోయింది.

"సంతకానికి అంత తోకేమిటి బావా? గాలిపటమా?" అంది మరదలు, తన భయం బయటపడకుండా.

తర్వాత ఆవిడ ఇల్లు. దారం నాలుగు మూలలా వేలాడదీశారు. గుండు గోడకు ఎక్కడా వెంట్రుకవాసి కూడా తేడా చూపలేదు. ఆకుపచ్చ గుర్తు పడింది.

ఆవిడ ఆనందం పట్టలేకపోయింది. "చూశావా బావా, మా ఆయన ఇల్లు! నీ ట్రంకుపెట్టె తెచ్చి ముందుగదిలో పడేయ్. నిటారుగా ఉన్న ఇంట్లో ఎలా బతకాలో ఇప్పటికైనా నేర్చుకుందువుగాని."

బావ తలూపాడు.

"పునాది మంచిదేనమ్మా," అంది సర్వేయరమ్మ, పాత కాగితం ఒకటి విప్పుతూ. "కానీ అసలు కారణం కింద ఉంది. ఇది గని మ్యాపు."

బావ చటుక్కున లేచాడు. "పొయ్యి మీద టీగిన్నె పెట్టి వచ్చాను."

"నీ పొయ్యి మీద గిన్నె నిలిస్తేగా! కూర్చో," అంది మరదలు.

"ఈ వీధి మొత్తానికి ఒక్క స్తంభమే వదలమని ఆర్డరు," అని సర్వేయరమ్మ వేలు పెట్టి చూపించింది. "మిగతావన్నీ తీసేశారు. ఆ ఒక్కటీ మీ ఇంటి కింద ఉంది. అందుకే ఒరగలేదు."

మరదలి మొహం చిన్నబోయింది. "అయితే ఇదంతా ఒట్టి అదృష్టమేనా?"

"అదృష్టమూ కాదు, పాడూ కాదు. మీ ఆయన పనితనమే!" అన్నాడు బావ గుమ్మం దగ్గర్నుంచి. "కాగితాలు చూసేవాళ్లకి కట్టుబడి గురించి ఏం తెలుస్తుంది? ఇక దాన్ని చుట్టెయ్యమ్మా."

ఆవిడ వినలేదు. కళ్లజోడు తుడుచుకుని మ్యాపు మీదికి వంగింది.

వదిలేయాల్సిన ఆ ఒక్క స్తంభాన్నీ ముందు గీసింది ఎదురింటి కింద. దాన్ని కొట్టేసి, వీధి దాటించి ఆవిడ ఇంటి కిందికి మార్చిన పెన్సిల్ గీత పక్కన, ఫోర్‌మన్ అని ఉన్న చోట, కాగితం అంచు దాకా తోక సాగిన సంతకం ఒకటి ఉంది.