వెనక సీటు

"జర ఇటొచ్చి గీ గొట్టం పట్టుకో, ఐలేశం," అని డ్రైవరు సీతారాములు బానెట్టు కాడి నుంచి పిలిచాడు.

ఐలేశం కదల్లేదు. అతని చెయ్యి కారు వెనక కిటికీలోంచి లోపలికి పోయి, గొంగడి కింద భార్య పాదం మీద ఆగి ఉంది. పాదం కుండ అడుగులా చల్లగా ఉంది. మణికట్టు వెతికాడు. నాడి దొరకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వడగాలి తప్ప మరేదీ తగల్లేదు.

జానమ్మ పోయింది.

రాత్రంతా వాంతులు, విరేచనాలు. తెల్లవారగానే సీతారాములు నడిపే కిరాయి కారు మాట్లాడుకుని భువనగిరి దవాఖానకు బయలుదేరారు. దారిలో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. పెట్రోలు పంపులో రబ్బరు పొర చినిగిందన్నాడు సీతారాములు. డబ్బాలో పెట్రోలు పోసి, దానికి సన్న గొట్టం పెట్టి, మడ్‌గార్డు మీద ఐలేశాన్ని కూర్చోబెట్టి డబ్బా ఎత్తి పట్టించి, దగ్గరలోనే ఉన్న తన ఊరికి ఎట్లాగో తోలుకొచ్చాడు. ఆపైన అట్లా పోతే ఇంజను అంటుకుంటుందన్నాడు. ఇంట్లో ఇంకో పంపు ఉంది, మార్చుకొని పోదామన్నాడు. అతని వాకిట్లో నిలబడితే భువనగిరి గుట్ట కనబడుతుంది.

పొద్దున బండి నడుపుతూ సీతారాములు చెప్పిన మాట ఐలేశం చెవుల్లోనే ఉంది. "పీనుగను ఎక్కిస్తే ఆ బండికి మల్ల గిరాకి ఎక్కది. మొన్నటేడు మావోడొకడు, దారిల పానం పోయిందని తెల్వంగనే చింతచెట్టు కింద దించేసి వచ్చిండు. నేనైనా గంతే."

గొర్లు కాసుకునే తనకిక్కడ తెలిసినవాడు లేడు. ఊరు చూస్తే దూరం. ఇంటికాడ పిల్లలిద్దరు తల్లి ముఖం చూడాలి. ఐలేశం గొంగడిని జానమ్మ ముఖం మీదికి లాగాడు.

"ఏందయ్యా, పిలుస్తుంటే?"

"వస్తున్న అన్నా. ఆమెకు కునుకు పట్టింది."

సీతారాములు పాత పంపు ఊడదీసి రాయి మీద పెట్టాడు. గొట్టాన్ని నోట పెట్టి పీల్చి, వచ్చిన పెట్రోలు తుపుక్కున ఉమ్మాడు. "మా బాపు మగ్గం మీద కూసోమన్నడు. ఇనకుండ సాగర్ కట్ట కాడికి లారీ నడప పోయిన. ఇగ సూడు, గీ తైలం తాగే బతుకు."

ఐలేశం నవ్వబోయాడు. రాలేదు.

సీతారాములు భార్య సావిత్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "అక్కకు నాలుగు చుక్కలు పోస్తనన్నా. ఇందాక సూసిన, పెదవులు ఎండిపోయినయి."

ఐలేశం కారు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "వద్దు వదినె. నీళ్ళు పోయొద్దన్నడు డాక్టరు."

"ఏ డాక్టరు? ఇంక దవాఖాన మొఖమే సూడకపోతిరి."

"మా ఊరి మందులాయన. లోపలికి ఏంబోయినా కక్కుతాంది."

"ఎండల మనిషిని పండవెట్టి, నీళ్ళొద్దంటే ఎట్లనన్నా?"

"వద్దంటున్న గద."

ఆమె అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, గడప దగ్గరికి పోయి రాట్నం ముందు కూర్చుంది. కండెలు చుడుతున్నా చూపు కారు మీదే ఉంది.

"ఐలేశం, పంపు ఎత్తి పట్టు. బోల్టు ఎక్కిస్త," అన్నాడు సీతారాములు.

తప్పక ముందుకు పోయాడు. ఎత్తిన బానెట్టు వెనక సీటును పూర్తిగా కప్పేసింది. ఇంజను సెగ ముఖానికి కొడుతోంది. కొంతసేపటికి రాట్నం చప్పుడు ఆగింది. ఐలేశం పక్కకు వంగి చూడబోయాడు.

"కదలకు. బోల్టు జారిందంటే మల్ల మొదలు."

ఒళ్ళంతా చెవి చేసుకుని నిలబడ్డాడు. రాట్నం మళ్ళీ తిరిగింది. అతను ఊపిరి వదిలాడు.

పంపు బిగిసింది. సీతారాములు చేతులు కడుక్కుంటుంటే సావిత్రమ్మ అతని చెవిలో ఏదో చెప్పింది. తెలిసిపోయిందనుకున్నాడు ఐలేశం. కానీ సీతారాములు మామూలుగానే వచ్చి బండి స్టార్టు చేశాడు. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది.

"ఎక్కు. బీడీ కాల్చినంత సేపట్ల దవాఖాన ముందల దించుత."

"అన్నా, దవాఖాన వద్దు. మమ్ముల ఇంటికాడ దించు."

"మతి ఉన్నదా నీకు? గింత దూరమొచ్చి, ఇప్పుడు మలుపుమంటవా?"

"ఆమెనే అన్నది. ఏమైనా ఇంటికాడనే అన్నది."

సావిత్రమ్మ గడపలోంచి లేచింది. "ఆడిదాని పానం నీకు గొర్రె కంటె అగ్గువాయెనా అన్నా? గొర్రెకు రోగమొస్తే గిట్లనే తోలుకపోతవా?"

ఐలేశం తల వంచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ మాట పడడం కష్టం కాలేదు. నిజం చెప్తే జానమ్మ ఏ చెట్టు కిందో పడి ఉంటుంది.

సీతారాములు పళ్ళు కొరికి, గుట్టకు వీపు పెట్టి బండి మలిపాడు.

కొంత దూరం పోయాక వెనక సన్నగా మూలిగిన చప్పుడయింది.

"ఏమో అంటాంది, సూడు," అన్నాడు సీతారాములు.

పాత సీటు స్ప్రింగులు. ఆమే మూలిగిందని సీతారాములు అనుకోవడమే మంచిదయింది. ఐలేశం వెనక్కి తిరగకుండానే, "వస్తున్నం జానమ్మా, ఇంటికే పోతున్నం," అని గట్టిగా అన్నాడు. ఆ అబద్ధానికి తన గొంతు తనకే అసహ్యమనిపించింది.

ఇంటి ముందు కారు ఆగగానే ఐలేశం తల్లి బీరమ్మ ఉరికొచ్చింది. గొంగడి తీసి కోడలి గదవ పట్టుకు కదిపింది. తల ఒక పక్కకు వాలిపోయింది. ఆమె ఏడుపుకు వాడకట్టంతా చేరింది.

సీతారాములు దిగి చూశాడు. ఐలేశం అతని కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పయింది అన్నా. సెప్తే దారిల దించిపోతవని దాచిన. మీ ఇంటికాడనే పోయింది."

"మా ఇంటికాడనా? ఎప్పుడు?"

"నువ్వు పాత పంపు ఊడదీస్తున్నప్పుడే."

తిడతాడని ఐలేశం తల దించుకునే ఉన్నాడు. తిట్టలేదు. పైనుంచి సీతారాములు గొంతు వినబడింది.

"కొత్తది బిగిస్తున్నప్పుడు, నీ చాటుకు మా ఆమె పోస్తే చెంబెడు నీళ్ళు తాగిందంట."