నారప్ప గ్రౌండు

“శాలువా తర్వాత కప్పుదువు గానీ నారప్పన్నా, ముందు ఆ నాగలి ఏందో చెప్పు” అన్నాడు లక్ష్మీనరసింహ.

శాలువా పట్టుకున్న నారప్ప చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

నాగలమడిక క్రికెట్ క్లబ్బు వీడ్కోలు సభ అది. గ్రౌండు మధ్యలో టేబులు వేసి బొరుగులు, మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఎదురుగా ఆటగాళ్లంతా కూర్చున్నారు. వాళ్ల కెప్టెన్ నరసింహే. సరిగ్గా పిచ్ మీద, వికెట్లు పాతే చోట, ఎద్దులు కట్టిన నాగలి నిలబడి ఉంది.

“చెప్పేదేముందప్పా? ఇన్నేండ్లకు వాన దయ తలచింది. చేను నాది, శెనిక్కాయ వేసుకుంటా. గ్రౌండే లేకపోతే క్లబ్బు యాడుంటాది? అందుకే కదా మిమ్మల్ని మర్యాదగా సాగనంపుతాండేది!”

“వాన పడింది రాత్రి. ఈ శాలువాలు ఎప్పుడు తెప్పించినావు?”

నారప్ప పక్కకు చూశాడు. పక్కనున్న డ్రిల్ మాస్టరు జయరామప్ప లేచాడు. స్థలమిచ్చిన పెద్దమనిషి నారప్ప అయితే, ఆట నేర్పిన గురువు ఈయన. సారైనా తమ తరపున మాట్లాడతాడని నరసింహకు ఆశ పుట్టింది.

“తప్పు నరసింహా. పెద్దోళ్ల ముందర గొంతు లేపకూడదు. ఆటంటే శిస్తు, క్రమశిక్షణ.”

“మీ శిస్తు మాకు తెలుసులే సార్! ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కడు ఇన్ని రాళ్లు ఏరి గట్టు మీదికి విసరాలంటిరి. త్రో బాగా వస్తాదంటిరి.”

“వచ్చింది కదప్పా! మొన్న హొసకోటోళ్లను వరసగా రనౌట్ చేయలేదా?”

“కంపచెట్ల వేర్లు పెరికితే భుజాలకు బలమొస్తాదనె సార్” అని వెనకనుంచి అరిచాడు కీపర్ లింగప్ప. “భుజాల సంగతి దేవుడెరుగు, నా నడుము పాయ!”

అందరూ నవ్వారు. నరసింహకు మాత్రం నవ్వు రాలేదు. చుట్టూ చూశాడు. ఒకప్పుడు కాలు పెట్టే సందు లేని రాళ్ల చేను ఇప్పుడు అరచేయిలాగా చదునై ఉంది. ఏరిన రాళ్లన్నీ నడుమెత్తు గట్టుగా లేచాయి. నారప్ప ఒక్క కూలిమనిషిని పెట్టలేదు.

“ఈడ గొర్రెల మంద ఎందుకు కట్టించినావన్నా? గొర్రెలు తొక్కితే పిచ్ గట్టిపడతాదని కదా చెప్తివి?”

“పడలేదా?”

“పడింది, చేనుకు ఎరువు! ఆ పెంటికల మీద డైవ్ కొట్టి కొట్టి ఇంటికి పోతే మా అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెడతాండె!”

ఇంతలో నాగలి దగ్గరున్న సేద్యగాడు బైలప్పకు ఓపిక నశించింది.

“సామీ, పొద్దెక్కుతాంది, పదును ఆరిపోతాది. మాస్టరు భాగం యాడిదాకా? ఈ పక్కా, ఆ పక్కా?”



“మాస్టరు భాగమా?” అన్నాడు నరసింహ.

జయరామప్ప తనకు ముందే కప్పిన శాలువా సర్దుకున్నాడు. “అదేం లేదప్పా. సగం చేను నాకు కోరుకిచ్చినాడు నారప్ప. ఊరికేం కాదు, పండిందాంట్లో సగం మళ్లీ ఆయనకే.”

 ప్రతి మ్యాచ్‌కూ ముందు నరసింహ వంగి మొక్కిన కాళ్లవి. ఆ కాళ్ల వైపు చూడడానికి కూడా ఇప్పుడు మనసొప్పలేదు.

“థూ! మీరు మాకు ఆట నేర్పలేదు సార్. ఇద్దరూ కలిసి వెట్టి చేయించుకున్నారు. దాన్నేమో గురుత్వం అంటిరి. మీ శాలువాలు మీరే కప్పుకోండి. లేయండ్రా!”

నారప్ప చేతిలోని శాలువా లాక్కుని నాగలి మేడి మీద పడేసి నడిచాడు. వెనకే టీమంతా లేచింది. లింగప్ప బజ్జీల తట్ట కూడా ఎత్తుకొచ్చాడు.

“అది ఎందుకురా? వాళ్ల బజ్జీలు ముట్టొద్దు!”

“మన కష్టం కదన్నా, ఇదైనా దక్కనీ.”

ఊరి దారిలో అందరూ తలలు వంచుకుని నడుస్తున్నారు. ఎవరో ముక్కు చీదారు. లింగప్ప బజ్జీ నములుతూనే ఏడుపు గొంతుతో అడిగాడు.

“ఇంక మనకు ఆట లేనట్టేనా అన్నా?”

“ఎవుడు చెప్పింది? గ్రౌండు నేను చూపిస్తా. వాళ్ల దయ మనకేం అక్కర్లేదు. మన చేతుల్తో మనమే చేసుకుందాం.”

“అంతే చాలన్నా. నువ్వు వాళ్ల మాదిరి కాదు. ఏం చెప్పినా చేస్తాం.”

మిగతావాళ్లూ అవునవునన్నారు. అంత నమ్మకంగా తన వైపు చూస్తున్న ఆ మొహాలను చూస్తే నరసింహ గుండె నిండింది. ఇంత అమాయకులను మోసం చేయడానికి ఆ ఇద్దరికీ మనసెట్లా ఒప్పిందా అని మళ్లీ ఒళ్లు మండింది.

ఇంటికొచ్చేసరికి తండ్రి పెద్దతిమ్మప్ప అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఊరంతా విత్తనానికి దిగిందిరా. గుట్ట కింద మన చేను చూస్తే అడుగుకొక రాయి. బాగు చేద్దామని కూలోళ్ల కోసం ఊరంతా తిరిగినా. ఉండేటోళ్లంతా ఎవుని చేన్లో వాడు ఉండాడు, లేనోళ్లు బెంగళూరికి పోయినారు. ఏం చేసేది?”

నరసింహ చెంబెడు నీళ్లు తాగాడు. మొహం కడుక్కున్నాడు. కోపం ఇంకా దిగలేదు.

“థూ, ఏం మనుషులు నాయనా ఈ ఊర్లో! గురువులంట!”

“ఎవుర్రా?”

 నరసింహ తువ్వాలతో మొహం తుడుచుకుంటూ గుట్ట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తండ్రి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు.

“కూలోళ్ల కోసం తిరగొద్దులే నాయనా. రేపట్నుంచి మా క్లబ్బు ఆ చేన్లోనే.”